సద్దుల నాడు డబుల్ డ్యూటీ

పోయేటప్పుడు ఫ్రిజ్జు మీద చీటి అతికిచ్చి పోయింది స్రవంతి.
హన్మకొండ టు కరీంనగర్, పండుగ స్పెషల్,
పొద్దుగాల నాలుగున్నర. వాపసు: చూడాలె.
ఆ 'చూడాలె' కింద రెండు గీతలు కొట్టి
ఇంకింత చిన్నగ రాసింది:
పువ్వు ఈసారి నువ్వే పేర్చాలె.

నాకు పేర్చుడంటే ఒక్కటే తెలుసు.
కాలిన మోటర్ ఇప్పి, నల్లబడ్డ రాగితీగ పీకి
స్లాటుకు ఇన్ని చుట్లని లెక్కవెట్టి
కొత్త తీగ కూర్చుడు.
వరి పొట్టకొచ్చే కాలం,
షాపు ముంగట మోటర్లు వరుసకట్టి కూసున్నయి.
పర్వతగిరి ఐలయ్య పొద్దటి సంది ఐదుసార్లు ఫోన్.
ఆరోసారి ఎత్తిన. "పువ్వు పేరుస్తున్ననే."
అవతల గొంతు సల్లబడ్డది.
"అట్లనా. పేర్చు పేర్చు. రేపు తెల్లారి వస్త."

గునుగు కట్టకు రంగు ముంచుమంటే
లోహిత్ గాడు గులాబి బకెట్ల కుడికాలు ముంచిండు.
బాత్రూం నుంచి బాల్కని దాక
ఒంటికాలి మనిషెవరో ఇల్లంత తిరిగిపోయినట్టు
గులాబి అడుగులు.
తుడుద్దామని బట్ట తెచ్చేలోపల కుక్కర్ కూసింది,
కుక్కర్ దించేలోపల నువ్వులు మాడినయి.
మాడిన రాగితీగ వాసన కంటె కొంచెం నయమే అనుకున్న.
పై పోర్షన్ సుగుణక్క ముక్కు మూసుకొనే దిగొచ్చి
గిన్నెడు నువ్వులపొడి ఇచ్చి, ఏం అనకుంట పోయింది.

హన్విక రెండో తరగతే గాని మేస్త్రీ.
"గట్ల గాదు నాన్నా, కాడలు లోపటికి!
గుమ్మడాకు కనవడొద్దు! తంగేడు అయినంక బంతి, గునుగు కాదు!"
నడుమ ఖాళీల ఆకుతుంపులు కుక్కుమన్నది,
స్లాట్ల పేపర్ ఎక్కిచ్చినట్టు కుక్కిన.
వరుస మీద వరుస, చుట్టు మీద చుట్టు,
లెక్క ఎక్కడ తప్పిందో తెల్వదు,
మోకాలెత్తుకు వచ్చేసరికి పువ్వు ఎడమకు ఒరిగింది.
జడ మాత్రం మంచిగ వేసిన,
మూడు తీగలు మెలేసుడే గద.

"ఒరిగిందని అందరు నవ్వుతరు," బిడ్డ కండ్ల నీళ్లు.
లోహిత్ దూరం నిలవడి, తల వంకరవెట్టి చూసి
"అక్కా, అమ్మ బస్సుల గిట్లనే నిలవడ్తది," అన్నడు,
"బస్సు మలిగినప్పుడు."
ఇగ ఆమె ఏడ్వలేదు.

సాయంత్రం మెసేజ్: కేయూ క్రాస్ల రెండు నిమిషాలు.
మల్ల పోవాలె. సత్తెన్న రాలేదట, డబుల్ డ్యూటీ.
స్కూటర్ ముంగట వాడు, ఎనుక ఒడిల తాంబాలంతోని ఆమె,
నడుమ నేను, ఇరవై స్పీడు దాటకుంట.
తొవ్వల ఒక ఆటో మాకు జాగ ఇచ్చింది.

బస్సు కిక్కిరిసి వచ్చింది,
సగం సీట్లు సంచులకే.
కొత్త చీర మీద ఖాకీ కోటు,
జీరో టికెట్లు కొట్టి కొట్టి వాసిన బొటనవేలు,
మెట్టు దిగేంత సందు లేదు ఆమెకు.
వంగింది. పువ్వును చూసింది, నన్ను చూసింది,
నవ్వబోయి ఆపుకొని
జారుతున్న తంగేడు రెమ్మను లోపటికి నెట్టింది.
"తిన్నరా?"
జవాబుకు లోహిత్ గులాబి కాలు ఎత్తి చూయించిండు.
కిటికీల కాడి ఆడోళ్లంత ఒక్కసారి గొల్లుమన్నరు.
అంతల్నే ఎనుక నుంచి హారన్.
ఆమె చెయ్యి తీసి తలుపు మీద రెండుసార్లు కొట్టింది,
రైట్ రైట్ అని మాత్రం కొడుకే అరిచిండు.

పన్నెండు దాటినంక ఇల్లు చేరింది,
కోటు విప్పకుంటనే పిల్లల నడుమ ఒరిగింది.

తెల్లారి ఐలయ్య షాపు షట్టర్ ఎత్తకముందే ఉన్నడు.
మోటర్ ముచ్చట తీయలేదు.
"నిలవడ్డదా పువ్వు?"
"జరంత ఒరిగిందే."
"ఒరుగుడు గాదు, నిలవడ్డదా లేదా?"
"నిలవడ్డది.
నీ మోటర్కే ఇంకో గంట పడ్తది."